ఎడమ నుంచి మూడో మనిషి

ఫిబ్రవరి 7, మంగళవారం

సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు. "ఆలోచించుకుంటాను" అన్నాను. ముప్పయ్యొక్కేళ్లలో ఆ ఆఫీసులో నేనన్న మాటలన్నిట్లోకీ ఇంత చేతగాని మాట ఇంకోటి లేదు.

ఉరోష్ నాకోసం కాఫీ తెప్పించాడు. ఎడిటర్ కాఫీ తెప్పించాడంటే ఎవరికో మూడిందని మా పత్రికలో నేల తుడిచే మనిషికి కూడా తెలుసు. కొత్త యజమానులకు ఫొటోగ్రాఫర్లు అక్కర్లేదట. విలేకరులందరికీ మంచి ఫోన్లు ఇచ్చారు, వాళ్లే తీసుకుంటారు. ముగ్గురం ఉండేవాళ్లం. ఒకతను డిసెంబరులో వెళ్లాడు, ఇంకొకతను జనవరిలో. ఇప్పుడు నా వంతు. నా ప్రెస్ కార్డు అడిగి తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. వాడికి ముప్పై నాలుగేళ్లు. వాడు పుట్టి బుడిబుడి నడకలు నడుస్తున్నప్పుడే నేను ఈ మారిబోర్ వీధుల్లో కెమెరా మెడకేసుకుని తిరుగుతున్నాను.

కాగితంలో ఏడు షరతులు. నాలుగోదే అసలుది. నా నేలమాళిగలో ఉన్న నెగెటివ్‌లు, వాటితోపాటు "సంబంధిత నోటు పుస్తకాలు" కంపెనీకి అప్పగించాలి. ఆ తర్వాత వాటి మీద నాకు ఏ హక్కూ ఉండదు. బదులుగా ఆరు నెలల జీతం. గడువు సోమవారం మధ్యాహ్నం పన్నెండు.

ఆఫీసు చిన్న భవనంలోకి మారినప్పుడు ఆ నెగెటివ్‌లున్న పద్నాలుగు పెట్టెల్ని చెత్తబండిలోకి ఎక్కించబోతుంటే అడ్డుపడి నా కారులో వేసుకొచ్చింది నేను. అప్పుడవి చెత్త. ఇప్పుడెవరో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి అమ్ముకోవచ్చని చెప్పారు, వెంటనే ఆస్తి అయిపోయాయి. కాకపోతే పేర్లు లేని బొమ్మల్ని ఎవరూ కొనరు. ఆ పేర్లు నా పుస్తకాల్లో ఉన్నాయి. ఫలానా రోజు, ఫలానా చోట, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు. నలభై రెండు పుస్తకాలు, నాకు తప్ప ఇంకొకరికి కొరుకుడుపడని చేతిరాత.

"నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రండి బ్రెడా గారూ," అన్నాడు తలుపు దాకా వచ్చి. "మీకోసం మీరు ఫొటోలు తీసుకోండి. ఇన్నేళ్లూ మాకోసమే తీశారు కదా."

తీస్తాను. తీసి వాడి మొహాన కొడతాను.

ఫిబ్రవరి 8, బుధవారం

ట్రియెస్టె. సరిహద్దు అవతల, ఇటాలియన్ల రేవు పట్నం. మూడు గంటల ప్రయాణం. వింకో రానన్నాడు, మోకాలట. మా ఆయనకి ఆ మోకాలు ఇష్టంలేని చోటికి వెళ్లాల్సి వచ్చినప్పుడే నొప్పి పెడుతుంది. బదులుగా వాళ్ల అక్క స్టెఫ్కా వదినని తగిలించాడు. డెబ్బై ఒకటి నిండాయి వదినకి. పాత యుగోస్లావియా రోజుల్లో నెలకోసారి ఇక్కడికొచ్చి మన దగ్గర దొరకని జీన్స్ ప్యాంట్లు, కాఫీ గింజలు, పిల్లలకి బొమ్మలు కొని, మన కస్టమ్స్ వాళ్ల కళ్లుగప్పి ఇంటికి చేర్చిన తరం.

సరిహద్దు రాగానే నా మోచెయ్యి పట్టుకుని, "మాట్లాడకు, నేను చూసుకుంటాను" అంది. అక్కడ ఎవరూ లేరు. తనిఖీలు ఎత్తేసి నాలుగేళ్లయింది. ఖాళీ గది, పగిలిన కిటికీ. వదిన దానికి కూడా ఒక నవ్వు విసిరింది.

ఇక్కడ బోరా వీస్తోంది. కొండల మీంచి ఊళ్లోకి దూకే ఈ గాలి గురించి విన్నాను, ఎప్పుడూ పడలేదు. మూలల దగ్గర తాళ్లు కట్టారు పట్టుకోడానికి. చెత్తడబ్బాలు తమంతట తామే షికారుకి బయల్దేరాయి. బస దిగిన చోట ఇంటావిడని గాలి ఎప్పుడు తగ్గుతుందని అడిగాను. మార్చిలో అంది.

రేవు గట్టు మీద మంచు పేరుకుంది. కట్టేసిన పడవలకి తెల్లటి గడ్డాలు వేలాడుతున్నాయి. వేళ్లు కొయ్యబారే దాకా తీశాను. అరవై రెండు.

కాగితం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఫిబ్రవరి 9, గురువారం

నూట పద్నాలుగు. రేవు, కాలువ, పెద్ద చౌకు, గొడుగు వదిలేసి గొడుగు వెంట పరిగెత్తే మనిషి, దీపస్తంభాన్ని కావలించుకున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. బ్రహ్మాండంగా వచ్చాయి. ఉరోష్ ఏడవాలి వీటిని చూసి.

కాగితం గురించి ఆలోచించలేదు.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం యోతా తాగాం, బీన్సూ పులిసిన క్యాబేజీ వేసి కాచిన సూపు. ఒళ్లు కాస్త వేడెక్కాక వదిన కెమెరా లాక్కుని నిన్నటివీ ఇవాళ్టివీ వరసగా చూడడం మొదలుపెట్టింది. మెచ్చుకుంటుందని రొట్టె నములుతూ కూర్చున్నాను. చూసీ చూసీ, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగింది.

"ఈ మూలేంటే బ్రెడా, ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తావు?"

"ఏ మూల?"

"ఇదిగో, పైన ఎడమ పక్క. దీంట్లో ఖాళీ. దీంట్లోనూ ఖాళీ. మనుషుల్నందర్నీ కిందకి, కుడి పక్కకి తోసేశావు. ఇంట్లో సామాను సర్దుతూ మంచానికి చోటు వదిలినట్టుంది."

ఆకాశం అన్నాను. కూర్పు అన్నాను. నీకు తెలియదులే అన్నాను. వదిన సూప్ గిన్నెలో రొట్టె ముంచుకుంటూ, తనకి తెలియదనే ఒప్పుకుంది, మంచం ఎక్కడుందో మాత్రం చెప్పమంది.

నాకు తెలుసు మంచం ఎక్కడుందో. పేపర్లో నన్ను చేర్చుకున్న మొదటి వారం పెద్ద ఫొటోగ్రాఫర్ లుడ్విక్ గారు నా ఫొటో ఒకటి తీసుకుని దాని పై ఎడమ మూలని బొటనవేలితో మూసేశారు. ఇక్కడ వాళ్ల రాతలు వస్తాయి, నువ్వే చోటు వదిలెయ్, వదలకపోతే మొహాల మీద రాసేస్తారు అన్నారు. మొదటి పేజీ శీర్షికకి. ముప్పయ్యొక్కేళ్లు వదిలాను. నిన్నా ఇవాళా కలిపి నూట డెబ్బై ఆరు ఫొటోల్లో నూట డెబ్బై ఆరు సార్లు, ఎవరూ రాయని శీర్షికకి చోటు వదిలాను.

నాకోసం తీసుకుంటున్నాననుకున్నాను.

ఫిబ్రవరి 10, శుక్రవారం

పొద్దున్నే ఆ మూల మీద యుద్ధం ప్రకటించాను. అందులో దొరికిందల్లా కుక్కాను. దీపం, కంచు గుర్రం తోక, బాల్కనీ, వదిన టోపీ. వంద తీశాను. అన్నీ అలమర తలుపు మూయడానికి తోసేసిన బట్టల్లా ఉన్నాయి. అన్నీ తుడిచేశాను.

పదకొండింటికి పాత రేవుకి వెళ్లే సందు మూలలో ఒకామెని చూశాను. అరవై దాటి ఉంటాయి, నల్ల కోటు, చేతిలో చేపల సంచీ. మూల తిరిగీ తిరగ్గానే గాలి ఆమెని తాడుకి అతికించేసింది. కోటు తలమీదికి లేచిపోయింది, నోరు తెరుచుకుంది, సంచీలోంచి ఒక చేప రోడ్డు మీద పడి జారిపోయింది. నాలుగు ఫొటోలు తీశాను. నాలుగూ అద్భుతం. ముప్పయ్యొక్కేళ్ల వేలు అది, నన్నడక్కుండానే నొక్కుతుంది.

ఆమె కోటు సర్దుకుని చేప కోసం వంగకుండా తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ముందు ఇటాలియన్‌లో తిట్టింది. నా మొహం చూసి మన భాషలోకి మారింది. ఇక్కడి స్లోవీన్లకి మన భాష పుట్టుకతోనే వస్తుంది, తిట్లు కూడా.

నా చెయ్యి దానంతటదే కోటు లోపలి జేబులోకి వెళ్లింది, ప్రెస్ కార్డు కోసం. ఎన్ని వందల సార్లు చేసిన పని అది. కార్డు చూపిస్తే ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేస్తారు. జేబులో దగ్గు బిళ్లలు దొరికాయి.

"ఏ పత్రిక?" అంది.

"ఏ పత్రికా కాదు. నాకోసం."

"నీకోసమా? నా కోటు నెత్తికెక్కింది నీకోసమా?"

అక్కడే నిలబెట్టి నాలుగూ తుడిపించింది. ఒక్కొక్కటీ తుడుస్తుంటే కళ్లార్పకుండా చూసింది. ఆ తర్వాత, నాకు ఇప్పటికీ ఎందుకో తెలియదు, పద కాఫీ తాగుదాం, నీ పెదాలు నీలంగా ఉన్నాయి అంది. బహుశా తిట్టడం పూర్తికాలేదేమో.

పేరు నివెస్. ఇద్దరికీ చిన్న గాజుగ్లాసుల్లో పాలచుక్క వేసిన కాఫీ తెప్పించి, కోటు విప్పకుండానే చెప్పింది. డెబ్బై నాలుగులో, తనకి ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, ఇలాంటి గాలికే అదే మూలలో పడిపోయిందట. చేతిలో గుడ్ల బుట్ట. గుడ్లన్నీ పగిలి, లంగా లేచి, రోడ్డు మీద కూర్చుని ఉంటే పేపరు వాడొకడు ఫొటో తీశాడు. మర్నాడు మొదటి పేజీలో వచ్చింది. "బోరాకి పడిపోయిన ఒక స్త్రీ" అని. ఊరంతా నవ్వింది. పెళ్లి కుదిరిన వాడి తల్లి ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి వీళ్లమ్మకి పంపించింది. అంతే, పెళ్లి అక్కడితో ఆగిపోయింది.

"పేరు వెయ్యలేదు, అదేదో నాకు చేసిన మేలన్నట్టు," అంది నివెస్. "మొహం వేశాక పేరు దాచి ఏం లాభం? నన్నడిగుంటే చెప్పేదాన్ని కాదా? పేరు ఇదీ, గుడ్లు పట్టుకుని పనికి పోతోంది, ఇంట్లో నలుగురు తమ్ముళ్లకి ఈవిడే వండిపెట్టాలి అని. అవన్నీ రాసుంటే ఎవడికైనా నవ్వొచ్చేదా? ఒక స్త్రీ అట."

నేనెప్పుడూ పేరు అడక్కుండా వేయలేదని చెప్పాను. నిజమే చెప్పాను. పేరు దొరక్కపోతే మర్నాడు వెళ్లి ఆ వీధిలో తలుపులు కొట్టి కనుక్కున్న రోజులున్నాయి. లుడ్విక్ గారు నన్ను చూసి నవ్వేవారు, నువ్వు ఫొటోలు తీస్తున్నావా, జనాభా లెక్కలు రాస్తున్నావా అని.

నివెస్ నమ్మినట్టు లేదు. కాఫీ డబ్బులు తనే ఇచ్చి లేచింది. రేపు పదకొండింటికి అదే మూలకి రా, కావాలంటే అప్పుడు తియ్యి, ఈసారి చెప్పి తియ్యి అంది.

ఫిబ్రవరి 11, శనివారం

పొద్దున ఉరోష్ ఫోన్ చేశాడు. గొంతులో తేనె. యజమానులతో మాట్లాడాడట. సోమవారం పుస్తకాలు తీసుకొస్తే, వాటిని చదివి పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా నాకే ఇప్పిస్తాడట, వేసవి దాకా. ఆ చేతిరాత నాకు తప్ప ఎవరికి అర్థమవుతుంది అని నవ్వాడు.

సరే అన్నాను.

అన్నాను. ఇక్కడ అబద్ధం ఎందుకు. వింకోకి కూడా వెంటనే చెప్పాను, హమ్మయ్య అన్నాడు. ఆలోచిస్తే తప్పేముంది? పుస్తకాలంటే కాగితాలే. నేలమాళిగలో తడికి ముద్దయిపోయేకన్నా ఎక్కడో ఒకచోట పేర్లు ఉండడం మంచిదే. నేను ముసలిదాన్నవుతున్నాను. ఎవరో ఒకరు చూస్తారు. వదిన కూడా మంచిపనే చేశావంది, కాకపోతే అప్పుడామె కొత్త చెప్పుల వేటలో ఉంది, ఏం చెప్పినా మంచిపనే అనేది.

పదకొండింటికి వెళ్లాను.

గాలి నిన్నటికంటే ఎక్కువగా ఉంది. నివెస్ అప్పటికే అక్కడుంది. చేపలసంచీ లేదు, చేతిలో ఏమీ లేదు. పెదాలకి రంగు వేసుకుంది. తాడు పట్టుకోమన్నాను. పట్టుకోనంది. కాళ్లు ఎడంగా పెట్టి, కోటు బొత్తాలన్నీ గొంతు దాకా బిగించి, గాలికి ఎదురుగా తిరిగి నిలబడింది.

"ఇప్పుడు తియ్యి. ఈసారి పడను."

వెనక్కి వాలింది. గాలి నెట్టింది. ముందుకు వంగింది. మళ్లీ నిలబడింది. నేను గోడకి వీపు ఆనించి, మోకాళ్లు బిగించి తీశాను. చూస్తూ పోతున్న ఒకతను ఆగి ఆమెని పట్టుకోబోయాడు, అతన్ని అరిచి పంపించేసింది. ఎంతసేపో తెలియదు, ఆమె చాలనే దాకా. ఆ కాసేపూ నాకు ఫొటోలో ఆ ఖాళీ మూల గురించి గుర్తే లేదు.

తర్వాత జేబులోంచి నా పుస్తకం తీశాను. నలభై మూడోది, కొత్తది. పేరు, ఇంటిపేరు అడిగాను. నివెస్ గుల్లిచ్. వయసు అరవై ఆరు. గుడ్ల దుకాణంలో పనిచేసింది, తర్వాత ఓడల ఆఫీసులో, ఇప్పుడు పెన్షను. సరిగ్గా రాశానో లేదో పుస్తకం లాక్కుని చూసింది. ఇదేం రాత, కోడి కెలికినట్టుంది అంది.

"ఎక్కడ వేస్తారు దీన్ని?"

"ఎక్కడా వేయరు. చెప్పానుగా, నాకిక పత్రిక లేదు."

"మరి పేరెందుకు రాసుకున్నావు?"

గాలి గోలలో వినబడనట్టు నటించాను. వినబడిందని ఆమెకి తెలుసు.

ఫిబ్రవరి 11, ఇంకా

మరి పేరెందుకు రాసుకున్నాను?

ఫొటోల్లో ఉన్నవాళ్లు నన్ను నమ్మి చెప్పారు కాబట్టి. "బ్రెడాకి చెప్పు, సరిగ్గా వేస్తుంది" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుని చెప్పారు కాబట్టి. ఇంటిపేరులో అక్షరం పోతే మర్నాడు నా ఇంటికొచ్చి పోట్లాడేవాళ్లు. ఆ పేర్లు పేపరుకి ఇచ్చినవి కావు. ఉరోష్‌కి ఇచ్చినవి అసలే కావు. ఎవరో కొనుక్కుని క్యాలెండరుకో బీరు సీసాకో అంటించుకోడానికి ఇచ్చినవి కావు.

సరే అని ఎందుకన్నాను? వాడు తేనెలా మాట్లాడాడు, నాకు పని ఇస్తానన్నాడు, ఇంకా నా అవసరం ఉందన్నాడు. అదీ సంగతి. సిగ్గుగా ఉంది. రాశాను కాబట్టి ఇక లేదు.

ఫిబ్రవరి 12, ఆదివారం

పొద్దున తయారై కిందికి దిగితే వదిన మెట్ల మీద నిలబడి ఉంది, కూర్చోడానికి వీల్లేక. ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు, రెండు లంగాలు. నడుముకి కాఫీ గింజల పొట్లాలు నాలుగు, చున్నీతో కట్టింది. కొత్త చెప్పులు కాళ్లకే ఉన్నాయి, అడుగున మట్టి పూసి పాతవాటిలా చేసింది.

"వదినా, అక్కడ ఎవరూ ఉండరు."

"బుధవారం లేరు. ఆదివారం ఎప్పుడూ గట్టిగా వెతుకుతారు."

వాదించలేదు. కారులో సగం ముందుకి వంగి, సగం నిలబడి కూర్చుంది. దారంతా పాత కథలే. ఒకసారి నాలుగు జీన్స్ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వస్తుంటే, కస్టమ్స్ వాడు కూర్చోమ్మా అని కుర్చీ చూపించాడట, మోకాళ్లు వంగక నిలబడే ఉంటానందట. ఎందుకమ్మా అంటే మొక్కుకున్నాను, ఇంటికెళ్లే దాకా కూర్చోను అందట. అతను నవ్వాపుకోలేక వదిలేశాడట. నిజమో కాదో, ఈ కథ నాకు యాభయ్యోసారి.

సరిహద్దు వచ్చింది. గది ఖాళీ, కిటికీ అలాగే పగిలి ఉంది. వదిన కారు ఆపమంది. ఆపాను. అవస్థ పడుతూ దిగి ఆ గది దగ్గరికి నడిచింది. లోపలికి తొంగి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది.

"ఒక్కడైనా ఉండకూడదా?" అంది. ఎంత నిరాశో ఆ గొంతులో. ఆ మూడు స్వెట్టర్లలో చెమటలు పడుతున్నాయి, వీస్తున్న గాలి ఆమెకేం పట్టనట్టు. తర్వాత ఉక్రోషం వచ్చింది. పగిలిన కిటికీ ముందు నిలబడి, ఒక్కొక్క స్వెట్టరూ మెడ దాకా లాగి ఖాళీ గదికి చూపించడం మొదలుపెట్టింది. "ఇదొకటి. ఇది రెండు. ఇది మూడు. కాఫీ ఇదిగో. పట్టుకోండి."

తీశాను. పక్కనే నిలబడి, మూడడుగుల దూరంలోంచి.

చూసుకుంటే అంతా వదినే. ఎర్ర స్వెట్టరు, ఎర్రబడ్డ మొహం, పగిలిన గాజు, ఎక్కడా అక్షరం పెట్టే చోటు లేదు. పుస్తకంలో రాశాను: స్టెఫ్కా నొవాచన్, డెబ్బై ఒకటి, వింకో అక్క, సరిహద్దులో. రాసింది చూపిస్తే కాఫీ సంగతి కొట్టెయ్యమంది, ఎవరైనా చదువుతారేమోనని. నేనేమీ కాఫీ సంగతి రాయలేదు.

ఇల్లు చేరాక వింకో అడిగాడు, పుస్తకాలు కిందనుంచి పైకి తెచ్చిపెట్టనా, రేపు పొద్దున్నే తీసుకెళ్లాలిగా అని. ఇవ్వడం లేదన్నాను. సరే అని ఫోన్లో చెప్పావుగా అన్నాడు. చెప్పాను, మాట మారుస్తున్నాను అన్నాను. చెంచాతో సూప్ కలిపాడు. ఆరు నెలల జీతం గురించి అంటాడనుకున్నాను. వాళ్ల అక్క అన్ని బట్టలు ఎందుకు తొడుక్కుందని అడిగాడు.

ఫిబ్రవరి 13, సోమవారం

పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. ఉరోష్ ముందే కాగితాన్ని కలం పక్కన పెట్టి ఉంచాడు. పుస్తకాలు కారులో ఉన్నాయా, ఎవరినైనా పంపించనా అన్నాడు. కాఫీ తెప్పించబోయాడు, వద్దన్నాను.

పెట్టనని చెప్పాను.

అనుకున్నంత కోపం రాలేదు వాడికి. అర్థం కాలేదు. శనివారం సరే అన్నారు కదా అన్నాడు. అన్నాను, తప్పు అన్నాను. వేసవి దాకా పని, ఆ జీతం, అన్నీ మళ్లీ చెప్పాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"బ్రెడా గారూ, ఆ పుస్తకాలు లేకపోతే అవి ఎవరో జనం. అంతే. ఎవరో మనుషులు. ఎవరికి పనికొస్తాయి మీ దగ్గరుంటే?"

"నీకు ఎవరో మనుషులు."

"లాయర్లు రాస్తారు మీకు."

"రాయనీ. పేరు సరిగ్గా రాయమను."

నా కార్డు వెనక్కి అడగలేదు. దాని మీద ఫొటో కూడా బాగుండదు. నాలుగో అంతస్తునుంచి మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాక గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే దారిలో బేకరీలో రొట్టె కొన్నాను.

ఫిబ్రవరి 14, మంగళవారం

నా దగ్గర పుస్తకాలున్నాయి, పెట్టెలున్నాయి. ఉద్యోగం లేదు. మొదలుపెట్టాను.

మూడో పుస్తకం చేతికొచ్చింది. ఎనభై మూడు, నవంబరు, ట్రక్కుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సమ్మె. అప్పట్లో సమ్మె అనకూడదు, పని ఆగింది అనాలి. ఎడమ నుంచి కుడికి అయిదుగురు. నెగెటివ్ కవరు కూడా దొరికింది. ఆ రోజు ఆ ఫొటో వేయలేదు, పైనుంచి వద్దన్నారు. పేపర్లో రాని ఫొటోకి కూడా అయిదు పేర్లూ రాసుకున్నాను.

ఎడమ నుంచి మొదటివాడి పేరు ఫోన్ల పుస్తకంలో లేదు. రెండోవాడి నంబరు పనిచేయడం లేదు. మూడో మనిషి అలోయ్జ్ కోరెన్. అదే ఇంటిపేరు, అదే వీధి. ఒకావిడ ఎత్తింది, ముసలి గొంతు, నెమ్మదిగా. నేనెవరో చెప్పాను. ఆయన పోయి తొమ్మిదేళ్లయిందమ్మా అంది. పెట్టేద్దామనుకున్నాను. పెట్టలేదు. మీ ఆయన ఫొటో ఒకటి నా దగ్గరుంది, మీకు ఇవ్వాలని అన్నాను.

"ఎక్కడ తీసింది?"

ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఎనభై మూడులో అన్నాను. మళ్లీ అడిగింది. "ఏం చేస్తున్నాడందులో?"

దీపం ముందు పెట్టి మళ్లీ చూశాను. అయిదుగురిలో ఈయన ఒక్కడే పిడికిలి ఎత్తి, మెడ నరాలు ఉబ్బి, నోరు అంత తెరిచి ఉన్నాడు.

"అరుస్తున్నాడమ్మా."

"ఎవరి మీద?"

"డైరెక్టరు మీద. ఆయన కిటికీ వైపు చూసి."

"మా ఆయనా?" అంది. "కాదేమో చూడు. నలభై రెండేళ్లు కాపురం చేశాను. మనిషి గొంతెత్తడం వినలేదు నేను. ఆ రోజు ఇంటికొచ్చి పని ఆగింది అన్నాడంతే, అన్నం తిని పడుకున్నాడు."

పేరు ఆయనే చెప్పాడు, ఎడమ నుంచి మూడో మనిషి, నేను రాసుకున్నాను అన్నాను. గురువారానికి ప్రింటు వేయించి, పెద్దది చేయించి తెస్తానన్నాను. గురువారం దాకా ఎందుకు అంది, ఇప్పుడు నీ చేతిలో ఉన్నది తీసుకురా అంది. ఇది నెగెటివ్, చిన్నది, తెల్లదంతా నల్లగా ఉంటుంది, మొహం ఆనవాలు పట్టలేరు అని చెప్పాను.

"నోరు కనబడుతుందా?"

"కనబడుతుంది."

"అయితే అదే తీసుకురా."